వరసలో మొలిచిన కలుపు

గడ్డికి నీళ్లు పోసి పెంచే రోజులు వస్తాయని మా నాయనతో ఎవరైనా చెప్పి ఉంటే, ఆయన నవ్వి నవ్వి గట్టు మీద నుంచి కాలవలో పడి ఉండేవాడు. ఆయన అరవై ఏళ్లు గడ్డి మీద యుద్ధం చేసి పోయాడు. తర్వాత నేను ఒక యాభై ఏళ్లు చేశాను. ఆ యుద్ధంలో మా ఇద్దరికీ మిగిలింది నడుము నొప్పి. గడ్డి మాత్రం ఇప్పటికీ ఆరోగ్యంగానే ఉంది.

అలాంటి వంశంలోకి కోడలిగా వచ్చిన కరుణాకుమారి, ముత్తుకూరులో మా అబ్బాయి బెన్హర్ కట్టిన ఇంటి ముందు, వరండా నుంచి గేటు దాకా నలభై అడుగుల పొడుగున లాన్ వేయించింది. నిరుడు జూలైలో. నర్సరీ వాళ్లు గడ్డిని చాపల్లా చుట్టి ఆటోలో తెచ్చి, పరిచి, దిమ్మిసతో అణిచి వెళ్లిపోయారు.

"చాప ఎవరైనా ఇంట్లో పరుస్తారమ్మా. వీధిలో పరిచినావేంది?" అన్నాను.

కోడలు నవ్వలేదు. పోర్టు వాళ్ల గెస్ట్‌హౌస్‌లో పని చేస్తుంది ఆ పిల్ల. అక్కడి లాన్ చూసి మనసు పడింది. పుట్టి పెరిగింది గూడూరులో ఒక ఇరుకు సందులో. తలుపు తీస్తే మురిక్కాలవ, కాలవ అవతల ఇంకొకరి తలుపు. "నా ఇంటి ముందర ఇంత పచ్చగా ఉండాలని చిన్నప్పట్నుంచీ ఆశ మామయ్యా" అని ఒక్కసారే చెప్పింది. నేను దానికీ ఏదో వేళాకోళం ఆడాను. ఆ తర్వాత నాతో అవసరమైనంతే మాట్లాడేది. తప్పు నాదే. నాకు నోరు ముందు పుట్టింది, తల తర్వాత పుట్టింది.

ఫోనులో ఎవరో చెప్పిన పాఠం అంతా కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అతికించింది. ఏ నెలలో ఎంత ఎత్తున కత్తిరించాలి, ఏ నెలలో ఏ ఎరువు, వానలకు ముందు ఏం చేయాలి, వానల్లో ఏం చేయకూడదు, కలుపు మందు ఏ తేదీన కొట్టాలి. దాన్ని నేను గడ్డి పంచాంగం అనేవాణ్ణి. నీళ్లసీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి పోయినప్పుడల్లా, "ఈ రోజు గడ్డికి రాహుకాలం ఎప్పుడో!" అనేవాణ్ణి.

ఒక్క తుంగ విషయంలో మాత్రం వేళాకోళం మాని హెచ్చరించాను. నా పద్ధతిలో హెచ్చరించాను.

"అమ్మా, తుంగని తేలిగ్గా తీసుకోబాక. కోట ఊరి దగ్గర మా పొలంలో ఒకసారి ఒక తుంగ పట్టుకుని లాగినా. కింద గడ్డ వచ్చినాది. గడ్డ వెనక వేరు. వేరు వెనక ఇంకో గడ్డ. వదిలిపెట్టకుండా లాక్కుంటా పోతే మధ్యాహ్నానికి వాకాడు చేరినా. అక్కడ ఒకాయన ఇంట్లోంచి పరిగెత్తుకుంటా వచ్చి, 'ఎవరబ్బా అది, మా మంచం కోడు గుంజతా ఉండేది?' అన్నాడు."

"బాగుంది మామయ్యా" అని కోడలు ఫోను చూసుకుంది.

నవ్వాల్సిన మనిషి ఒకతె వరండాలో కుర్చీలో కూర్చుని ఉండి కూడా నవ్వలేదు. ఆమె నా భార్య రెబెక్కమ్మ. ఈ కథ అంతా ఆమెదే. నేను మధ్యలో అడ్డం పడుతున్నాను.

నా పేరు హజరత్తయ్య. మా అమ్మ కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టారు. పేరు దర్గాది, పెళ్లి చర్చిది. కూలికి పోయే రోజుల్లో రెబెక్కమ్మ కలుపు ముఠాకి మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్లు ఆమె వెనక వరస కట్టి, ఆమె ఎంత దూరం పోతే అంత దూరం కలుపు తీసుకుంటూ వచ్చేవాళ్లు. ఆమె వెనక్కి తిరిగి చూస్తే చాలు, చేతులు వేగం అందుకునేవి. మా కోట పొలాలు రొయ్యల గుంటలు అయ్యాక మేము పిల్లల దగ్గరికి వచ్చేశాం. ఆగస్టులో ఆమె బాత్‌రూంలో టైల్స్ మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నెల్లూరులో రాడ్డు వేశారు. ఎముక అతికింది. ధైర్యం అతకలేదు.

డాక్టరు గట్టిగానే చెప్పాడు. "నడిస్తేనే కాలు మీది. ఇంకో మూడు నెలలు ఇట్టా కూర్చుంటే ఇక కుర్చీయే గతి."

వాకర్ కొన్నాం. రెబెక్కమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఇల్లంతా నున్నటి టైల్స్. వాటిని చూస్తే ఆమెకు బావిలోకి తొంగి చూసినట్టుండేది. పొద్దున్నే మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుని వరండాలోకి తెచ్చేవాళ్లం, సాయంత్రం లోపలికి తీసుకుపోయేవాళ్లం. వాకర్ మీద తువ్వాళ్లు ఆరేసుకునేవాళ్లం. బెన్హర్ పోర్టులో క్రేను నడుపుతాడు. "ఓడలో నుంచి ఇరవై టన్నులు ఎత్తి కింద పెడతాను నాన్నా, అమ్మని నాలుగు అడుగులు వేయించలేకపోతున్నా" అన్నాడు ఒకరోజు.

*

అక్టోబరులో మొదటి వాన పడింది. నాలుగో రోజుకి, చాపలు అతికిన సందుల్లోంచి తుంగ లేచింది. నర్సరీ మట్టితో వచ్చి ఉంటుంది. వరండా మెట్టు పక్కనే మొదలు. కోడలు పంచాంగం చూసి, కత్తెర తెచ్చి, గడ్డి మీద గొంతుక్కూర్చుని, తుంగని పైపైన కత్తిరించడం మొదలుపెట్టింది.

రెబెక్కమ్మ కాసేపు చూసింది. కుర్చీ చేతులు బిగించి పట్టుకుంది.

"అమ్మాయ్. అది మంగలి పనే. కలుపు తీసేది అట్టా కాదు."

"వీడియోలో ఇట్టానే చేశారత్తమ్మా."

"ఆ వీడియోవాడికి అన్నం పెట్టినోళ్లెవరో! గడ్డ లోపలే ఉంటే పైన కోసి ఏం లాభం? ఎల్లుండికి రెండు వస్తాయి. మట్టి లేపు. లేపమంటుంటే! అట్టా కాదు… ఇట్టా… అబ్బా, ఇట్టా కాదు!"

నేను పేపరు చదువుతున్నాను. పేపరు అంచు మీదుగా చూస్తే, వాకర్ మీది తువ్వాళ్లు కింద పడి ఉన్నాయి. రెబెక్కమ్మ మెట్టు పక్కన పైపు పట్టుకుని దిగుతోంది. దిగింది. వాకర్‌ని గడ్డిలో నాటింది. గడ్డిలో దాని కాళ్లు కదలకుండా నిలబడ్డాయి. ఒక అడుగు. ఇంకొకటి. నాలుగో అడుగుకి కోడలి నెత్తిన నిలబడి, "వేలు కిందికి పోనీ. ఇంకా కిందికి. తగిలిందా గడ్డ? ఇప్పుడు లాగు" అంది.

కోడలు తల ఎత్తి అత్తని చూసింది, నన్ను చూసింది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎవరం ఏమీ అనలేదు. అంటే ఆమెకి గుర్తొచ్చి పడిపోతుందేమోనని భయం.

ఆ సాయంత్రం రెబెక్కమ్మ నాతో, "వంగే యోగం నాకు లేదు. పొడుగు పిడిది ఒకటుంటే నిలబడే పీకుదును" అంది.

మర్నాడు పొద్దున్నే అల్లాబక్షు దుకాణానికి పోయాను. కిటికీ గ్రిల్సు, గేట్లు వెల్డింగు చేస్తాడు. నాకంటే ఏడాది చిన్న. నా పేరు చూసి మొదటిసారి నన్ను వాళ్ల మనిషే అనుకుని మసీదుకి పిలిచినవాడు. ఆ కోపం ఇంకా పోలేదు.

"ఏంబ్బా హజరత్తూ, పేరు మాది, పాట వాళ్లది. పని మాత్రం ఎవరిదీ చెయ్యవు. ఈ రోజు ఏం పని మీద వచ్చినావు?"

"మా ఇంటామెకి ఆయుధం కావాల."

"నలభై ఏళ్లు నోటితోనే నెట్టుకొచ్చింది గదా, ఇప్పుడు ఆయుధం దేనికి?"

విషయం చెప్పాను. అల్లాబక్షు నవ్వడం ఆపి, గోడకున్న వెదురు కర్రలన్నీ నేలకేసి కొట్టి చూసి, ఒకటి ఏరాడు. కింద రెండు పళ్ల ఇనుప కొన బిగించాడు. పైన పాత సైకిలు హ్యాండిలు పిడి తొడిగాడు. గడ్డిలో గుచ్చితే జారదు, మొక్క కింద గుచ్చి పిడి వెనక్కి వంచితే వేరుతో సహా లేస్తుంది. "అక్క ఎత్తుకి కొలిచి చేసినా" అన్నాడు. ఎప్పుడు కొలిచాడని అడిగితే, "వాళ్ల చర్చి గేటు నేనే గదబ్బా బిగించింది. ఆమె తల గేటు మీద ఏ పువ్వు దాకా వస్తుందో నాకు తెలుసు" అన్నాడు.

*

పది రోజులు ఇంటికి కళ వచ్చింది. పొద్దున ఎనిమిదికి రెబెక్కమ్మ కర్ర పట్టుకుని దిగేది. రెండో చెయ్యి మొదట వాకర్ మీద, తర్వాత కోడలి భుజం మీద, ఆ తర్వాత గాల్లో. వరండాకి దగ్గర్లో పది అడుగుల దాకా తుంగ గడ్డలతో సహా ఖాళీ అయింది. అంతకు మించి తుంగ పుట్టలేదు. అక్కడి చాపలు వేరే మట్టివి కాబోలు, శుభ్రంగా ఉన్నాయి.

పదకొండో రోజు ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"దిగవా?"

"దిగి ఏం చేసేది? ఏముండాది అక్కడ?"

"ఊరికే నడువు."

"ఊరికే నడిచేదానికి నాకేమన్నా పిచ్చా?"

పన్నెండో రోజు కూడా అంతే. పదమూడో రోజు కర్ర మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. దాన్ని చూశాక ఆగలేకపోయాను. పాలపాకెట్టుకి పోయే వంకతో తెల్లవారగానే కాలవ గట్టుకి పోయాను.

తుంగ నాటే పాపిష్టి పని మాత్రం నేను చేయలేదు. అంత మాట అనొద్దు. నాలుగు నేల ఉసిరి మొక్కలు, రెండు గుంటగలగరలు వేళ్లతో లేపాను. గుచ్చితే సుళువుగా వచ్చేవి, గడ్డికి హాని చేయనివి. ఖాళీ పాలపాకెట్టులో వేసుకుని వచ్చి, ఇంట్లో వాళ్లు లేవకముందే, వరండా నుంచి పన్నెండో అడుగు దగ్గర నాటాను. జీవితమంతా కలుపు పీకినవాణ్ణి, డెబ్బై రెండో ఏట కలుపు నాటాను. మా నాయన పైనుంచి చూసి ఉంటే రెండోసారి కాలవలో పడి ఉంటాడు.

ఎనిమిది గంటలకి నేనే కేక వేశాను. "అరెరే! ఇక్కడేంది, ఇంత కలుపుండాది!"

రెబెక్కమ్మ మెడ చాపి చూసింది. కర్ర మీది తువ్వాలు తీసి కోడలి మీదకి విసిరింది.

అక్కణ్నుంచి నాకు రోజూ ఉద్యోగమే. పన్నెండో అడుగు, పధ్నాలుగో అడుగు, పదిహేడో అడుగు. ఆమెకి తెలియకుండా ఆమెని గేటు వైపు తోలుకుపోతున్నాను. దారిలో కాకులు, కుక్కలు, పాలవాడు అందరూ చూశారు. ఎవరూ చాడీ చెప్పలేదు.

నన్ను పట్టించింది నా చెయ్యే.

ఒక ఆదివారం పొద్దున కోడలు గడ్డి కత్తిరించే మిషను పట్టుకుని ఇరవయ్యో అడుగు దగ్గర ఆగింది. చాలాసేపు కిందికి చూసింది.

"మామయ్యా, ఒకసారి రండి."

పోయాను.

"కలుపు వరసలో మొలుస్తుందా?"

చూశాను. ఆరు మొక్కలు. జానెడు జానెడు ఎడంతో, దారం పట్టి గీసినట్టు. యాభై ఏళ్లు వరి నాటిన చెయ్యి, దొంగతనానికి పోయినా వరస తప్పలేదు. పైగా నాది ఎడమచెయ్యి. నా నాటు ఎప్పుడూ కుడివైపుకి తల వంచుకుని నిలబడుతుంది. రెబెక్కమ్మ మడి అవతల నిలబడి చూసి, "ఇది మా ఆయన నాటు, అది మీ ఆయన నాటు" అని వేరు చేసి చెప్పేది. ఆరు మొక్కలూ కుడివైపుకి తల వంచుకుని ఉన్నాయి.

"పిట్టలమ్మా" అన్నాను. "పిట్టలు తీగ మీద వరసగా కూర్చుంటాయి. వరసగా రెట్ట వేస్తాయి. రెట్టలో విత్తనాలుంటాయి. మా కోటలో ఒకసారి కరెంటు తీగ కింద మైలు పొడుగున వేపచెట్లు…"

కోడలు పైకి చూసింది. నేనూ చూశాను. అక్కడ ఆకాశం ఒక్కటే ఉంది. తీగ ఇంటి వెనక వైపు నుంచి వస్తుంది.

"సరే మామయ్యా" అంది. "ఎట్టాగూ శనివారం మందు కొట్టేస్తా. పంచాంగంలో ఉండాది."

నా మాటనే నాకు అప్పజెప్పింది. ఆ రోజే కలుపు మందు సీసా, భుజానికి తగిలించుకునే స్ప్రేయరు తెచ్చి వరండా మూలన పెట్టింది. మందు పడితే వెడల్పు ఆకులన్నీ మాడిపోతాయి, గడ్డి ఒక్కటే మిగులుతుంది. నేను ఎంత నాటినా రెండు రోజుల్లో వాడిపోతుంది. వాడిపోయిన దాని కోసం రెబెక్కమ్మ కుర్చీ దిగదు. అప్పటికి ఆమె ఇరవై అడుగులు వచ్చింది. గేటు ఇంకా ఇరవై అడుగుల దూరం.

నిజం చెప్పొచ్చు గదా అంటారు. చెప్తే కోడలు వింటుందో వినదో. విన్నా అత్తతో అంటుంది. అంటే రెబెక్కమ్మ, "నన్ను బొమ్మని ఆడించినావా?" అని ఇక ఎప్పటికీ దిగదు. ఆమె పంతం నాకు తెలుసు. అందుకని నాకొచ్చిన విద్యనే నమ్ముకున్నాను.

శనివారం పొద్దున, "వాన వస్తుందమ్మా. మందు కొట్టినాక వాన పడితే దండగ" అన్నాను.

కోడలు పైకి చూసింది. నీలంగా, తుడిచిన పలకలా ఉంది ఆకాశం.

"తూనీగలు చూడు ఎంత కిందికి ఎగురుతుండాయో. మా నాయన మోకాలు ఇట్టాంటి రోజే నొప్పి పుట్టేది. ఆయన మోకాలు పట్టుకుంటే కృష్ణపట్నంలో ఓడలు లంగరు వేసేవి."

"ఓడలకి ఎట్టా తెలిసేది మామయ్యా?"

"ఆయన అరుపు విని."

కోడలి పెదవి ఒక మూల కదిలింది. స్ప్రేయరు మూలనే ఉంది. ఆదివారం కూడా వాన అన్నాను. మంగళవారం వాన అన్నాను. ఎండ పేలాలు వేయించేంత ఉంది. అయినా ఆమె స్ప్రేయరు ముట్టుకోలేదు. నా అబద్ధానికి ఇంత బలముందా అని గర్వపడ్డాను.

ఆ గర్వం చూసి వాన నిజంగానే వచ్చింది. నవంబరు రెండో వారంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు. ఆ మూడు రోజులూ రెబెక్కమ్మ లోపలే కూర్చుంది. నాలుగో రోజు తెరిపి ఇస్తుందనిపించి, తెల్లవారగానే తుంపరలోనే కాలవ గట్టుకి పోయాను. తడిసి వచ్చి, ఇరవై మూడో అడుగు దగ్గర నాలుగు మొక్కలు నాటి, ఈసారి వరస తప్పించానని సంతోషపడి, పదకొండు గంటలకల్లా జ్వరంతో మంచమెక్కాను.

*

నూట మూడు. బెన్హర్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయి తెచ్చాడు. "ఈ వానలో ఎందుకు పోయినావు నాన్నా?" అంటే ఏం చెప్తాను? పాలపాకెట్టు అన్నాను. "ఇంట్లో రెండుండాయి గదా" అన్నాడు.

జ్వరం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది రేపటి కలుపు. నాటేవాడు లేడు. రేపు ఆమె దిగుతుంది, ఆ నాలుగూ పీకుతుంది, ఇంకేమీ లేదంటుంది, కూర్చుంటుంది. ఎల్లుండికి కర్ర మీద తువ్వాలు.

మర్నాడు తెరిపి ఇచ్చింది. ఎనిమిదయింది. కిటికీలోంచి కర్ర చప్పుడు. మంచం మీద లేచి కూర్చుని చూశాను. రెబెక్కమ్మ దిగింది. ఒంటరిగా నడిచింది. నా ఇరవై మూడో అడుగు దగ్గరి నాలుగూ పీకి ముందుకి పోయింది. ఇరవై ఆరో అడుగు దగ్గర ఆగి, కర్ర గుచ్చి, ఏదో లేపింది.

అక్కడ నేను ఏమీ నాటలేదు.

ఆ మర్నాడు ముప్పయ్యో అడుగు. ఆమె లేపిన మొక్కని కర్ర కొనతో ఎత్తి, చేతిలోకి తీసుకుని, వాసన చూసి, చెంగులో దోపుకుంది. ఆ మధ్యాహ్నం పచ్చట్లో పుదీనా తగిలింది. మా ఇంట్లో పుదీనా ఉండేది వంటింటి కిటికీలో కోడలు పెంచే కుండీలో ఒక్కచోటే.

సాయంత్రం కోడలు నాకు గంజి తెచ్చి పెట్టింది. గిన్నె అందిస్తుంటే చూశాను. రోజూ గెస్ట్‌హౌస్‌లో పెద్దపెద్ద వాళ్లకి నమస్కారం పెట్టే చేతులు అవి. గోళ్ల కింద నల్లటి మట్టి.

గంజి రెండు గుక్కలు తాగాను.

"మొక్కని మెడ దాకా పూడ్చకూడదు తల్లీ. కుళ్లిపోతుంది. వేరు మునిగితే చాలు."

కోడలు తలుపు వైపు చూసింది. అత్త వరండాలో ఉంది. గొంతు తగ్గించింది.

"వీడియోలో పీకడమే చూపిస్తారు మామయ్యా. నాటడం ఎవరూ చూపించరు."

"పుదీనా కలుపు కాదు."

"నాకు కలుపు ఏదో తెలీదు గదా! కాలవ గట్టున పాములుంటాయని భయం. ఇంట్లో ఉన్నది పెట్టినా." దుప్పటి నా మోకాళ్ల మీదికి లాగింది. "మోటారు షెడ్డు వెనక మీ పాలపాకెట్టు దొరికింది. మట్టి, వేళ్లు. ఆ వరస చూసిన రోజే."

"ఆ రోజే తెలిస్తే మందు తెచ్చినావెందుకు?"

"మీరు ఏం అబద్ధం చెప్తారో విందామని."

నేను నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే గంజి ఒలికింది. ఆ పిల్ల తుడుస్తూ తనూ నవ్వింది. మా ఇంటికి కోడలై వచ్చిన పదకొండేళ్లలో మేమిద్దరం ఒకే మాటకి నవ్వడం అదే మొదలు.

ఇంకా చెప్పాల్సింది ఒకటుంది. జ్వరం తగ్గాక నీళ్లసీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి పోయాను. గడ్డి పంచాంగంలో కలుపు మందు తేదీల పక్కన కోడలు పెన్నుతో రాసుకుంది. శనివారం: వాన. ఆదివారం: వాన. మంగళవారం: వాన. ఎండ పేలాలు వేయించిన రోజులన్నిటికీ వాన అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

ఆ కాగితాన్ని నేను మళ్లీ వేళాకోళం చేయలేదు. మందు సీసా ఇప్పటికీ అటక మీద మూత తీయకుండా ఉంది.

*

డిసెంబరు మొదటి వారానికి రెబెక్కమ్మ గేటు ముట్టుకుంది. గేటు దగ్గర కలుపు అయిపోతే, గేటు అవతల వీధిలో దేవుడు నాటిన కలుపు బోలెడు ఉంది. దాని మీద పడింది. పక్కింటి వాళ్ల గోడ కింద కూడా పీకింది. వాళ్లు వద్దన్నా వినలేదు.

క్రిస్మస్ పొద్దున తెల్లచీర కట్టుకుని కర్ర అందుకుంది. రోడ్డు మీద ఇనుప కొన జారుతుందని అల్లాబక్షు ముందురోజే వచ్చి, రబ్బరు తొడుగు వేసి, కేకు ముక్క తిని పోయాడు. చర్చి మా వీధి చివర. బెన్హర్ బండి స్టార్టు చేసి, "ఎక్కమ్మా" అంటూ పక్కనే మెల్లగా వచ్చాడు.

"అడ్డం రాబాక. పో ముందు."

వాడు పోలేదు. మా ఊరేగింపు అలా సాగింది. ముందు ఆమె, పక్కన బండి మీద కొడుకు, వెనక కోడలు, ఇంకా వెనక నేను. దారిలో రెండుసార్లు ఆగింది. అలసటకి అనుకున్నాం. రోడ్డు పక్క కలుపు చూడ్డానికి.

మా చర్చిలో పండగ రోజు ఆరాధన ముగిసే ముందు ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. దేవుడు తమకి ఏం మేలు చేశాడో చెప్పుకోవడం. కొందరు లేస్తే భోజనాలు చల్లారిపోతాయి. ఆ రోజు ఆడవాళ్ల వైపు ముందు వరసలో రెబెక్కమ్మ లేచింది. నలభై ఏళ్లలో ఆమె ఎప్పుడూ లేవలేదు. వెనక బెంచీలోంచి నేను మెడ చాపి చూశాను.

"నాకు సాక్ష్యం చెప్పను రాదు" అంది. "నడిచి వచ్చినా. అంతే."

కూర్చుంది. కోడలు తల వంచుకుని, చీర అంచు సర్దుకుంటూ చాలాసేపు ఉండిపోయింది.

*

కథ ఇక్కడ ఆపొచ్చు. కానీ నా సంగతి ఒకటి మిగిలింది.

జ్వరం తర్వాత నేను కాస్త రుచి మరిగాను. గంజి, పండ్లరసం, "మామయ్యా, లేవకండి" అనే కోడలు. ఇక నాటాల్సిన పని కూడా లేదు. లాన్ మధ్యలో ఎండలో కుర్చీ వేయించుకుని, కాళ్లు చాపుకుని, డిసెంబరంతా కూర్చున్నాను, జనవరి వచ్చినా కూర్చున్నాను. ఎవరైనా నడవమంటే, "ఒంట్లో ఇంకా నీరసం" అనేవాణ్ణి. రెబెక్కమ్మ వరండాలోంచి చూసేది. ఏమీ అనేది కాదు. అనకపోతే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

జనవరి రెండో వారం, ఒక పొద్దున. మంచు ఇంకా గడ్డి మీద ఉంది. నా కుర్చీకి ఎదురుగా, గేటు దగ్గర, గడ్డిలో ఏదో కనిపించింది. కళ్లజోడు పెట్టుకున్నాను. నేల ఉసిరి. నాలుగు మొక్కలు. జానెడు జానెడు ఎడంతో, దారం పట్టినట్టు వరసలో. నాలుగూ కుడివైపుకి తల వంచుకుని ఉన్నాయి.

కోడలు నాటలేదు. ఆ పిల్ల నాటితే మెడ దాకా మునుగుతాయి. ఇవి వేరు మునిగేంత వరకే, పద్ధతిగా నాటినవి. అచ్చం నా నాటే. నేను మాత్రం నాటలేదు.

నా నాటుని అంత బాగా నేర్చుకోవాలంటే ఎన్నాళ్లు దాని వెనక నడిచి ఉండాలి! అక్టోబరులో మొదటి మొక్క చూసిన రోజే ఆమెకి ఎవరి చెయ్యో తెలిసి ఉంటుంది. తెలిసి, ఏమీ ఎరగనట్టు, నేను నాటిన చోటికల్లా నడుచుకుంటూ వచ్చిందన్నమాట.

వరండా వైపు తిరిగాను. రెబెక్కమ్మ కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటోంది. పక్కన గోడకి కర్ర ఆనించి ఉంది. రబ్బరు తొడుగు తీసిన దాని కొనకి తడి మట్టి.

"ఏమయ్యా" అంది, గ్లాసు మీదనుంచి. "ఆ కలుపు కనపడలా? లే, లేసి పీకు."

వంటింటి కిటికీలో కోడలు నవ్వు వినిపించింది.

లేచాను. కుర్చీ నుంచి గేటుకి ఇరవై అడుగులు. మోకాళ్లు పటపటమన్నాయి. కృష్ణపట్నంలో ఓడలన్నీ లంగరు వేసి ఉంటాయి.